ఇంజన్ల జాతరలో పన్నెండో చాయ్

మా ఇంట్లో పొయ్యి పైన గోడకు బొగ్గుతో రాసిన ఆరు అంకెలున్నాయి. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. రాసింది నా కొడుకు అంజి. ఈ ప్రయాణం మొదలైంది ఆ గోడ దగ్గరే కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని, రాతలో తప్పులుంటే సర్దుకొని చదవండి.

అంజి లింగంపల్లిలో మస్తాన్ ఉస్తాద్ షెడ్డులో మెకానిక్. రోజూ పొద్దున శంకర్‌పల్లిలో ప్యాసింజర్ రైలెక్కి పోయేవాడు, చీకటి పడ్డాక అంగీ నిండా నూనె మరకలతో వచ్చేవాడు. పోయినేడాది ఎండాకాలంలో వాడికి ఈ అంకెల పిచ్చి పట్టింది. కాళ్లు కడుక్కుంటూ అవే, బువ్వ తింటూ అవే, పడుకొని పైకప్పు చూస్తూ అవే. నేను మట్కా అనుకున్నాను. నంబర్ల మీద పైసలు కాసే ఆ ఆటలో ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లు మా వాడలో ఇద్దరున్నారు. వాడి జీతం తీసి బియ్యం డబ్బాలో దాచి, రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మూడో రోజు కంచం ముందర పెట్టి అడిగేశాను. వాడికి నవ్వుతో పొలమారింది.

"మట్కా కాదే అమ్మా. జోంగా అని మిలిటరీ బండి వచ్చింది షెడ్డుకు. దాని ఇంజన్ల ఆరు సిలిండర్లుంటయి. గీ వరసల్నే ఒకదానెనుక ఒకటి మండాలె. తీగలు వరస తప్పినయనుకో, ఇంజన్ తిడతది."

"ఏమని తిడతది?"

"నీ లెక్కనే. ఆగకుంట."

నమ్మకం కుదరక "రాసి చూపియ్యి" అన్నాను. పొయ్యిలోంచి బొగ్గు తీసి గోడకు రాశాడు. ఆ రోజునుంచి కూర కలిపినప్పుడల్లా నా కళ్లు దాని మీద పడేవి. చూసీ చూసీ నాకూ నోటికొచ్చింది.

ఉస్తాద్ షెడ్డులో ఒక పద్ధతుంది. ఇంజన్ మొత్తం విప్పి కొత్తగా కట్టినప్పుడు, దాన్ని నడిపించి, పైన నిండు గిలాస చాయ్ పెడతారు. చాయ్ ఒలికితే పని సరిగా కాలేదని లెక్క, మళ్లీ విప్పాలి. ఒలకకపోతే ఆ చాయ్ ఇంజన్ కట్టినవాడే తాగాలి, ఉస్తాద్ కూడా ముట్టడు. అంజి ఇంటికొచ్చి "అమ్మా, ఇయ్యాల చాయ్ తాగిన" అంటే ఒక ఇంజన్ అయిపోయిందని మాకు అర్థం. పదకొండు చాయ్‌లు తాగాడు. పన్నెండోది ఈ జోంగాది.

ఇంకా నూనె పోసి తాళంచెవి తిప్పడమే మిగిలిందనగా వానాకాలంలో వాడికి మెదడువాపు జ్వరం వచ్చింది. దవాఖానలో తొమ్మిది రోజులున్నాడు. ఆ సంగతి ఇంతకంటే రాయను.

మొన్న చలి విరిగే రోజుల్లో మస్తాన్ ఉస్తాద్ మా ఇంటికొచ్చాడు. గోడ మీది అంకెల్ని వేలితో ఒక్కొక్కటే చూపుతూ చదివాడు. తర్వాత చెప్పాడు: "అమ్మా, వచ్చే ఐతారం హైటెక్ సిటీ కాడ పెద్ద ఇంజన్ల బండ్లన్ని ఒక్క తాన నిలవెడుతున్రు. నుమాయిష్ లెక్క. అంజీ కట్టిన జోంగా గూడ వస్తది. గది అయినంక బండి సేటు దాన్ని డీజిల్ చేస్తుండు. పెట్రోల్ మస్తు తాగుతది గద, గీ ఇంజన్ తీసి పక్కకు వడేస్తరు. నువ్వు ఇనాలంటే గదే ఆఖరి రోజు."

"చాయ్ పెట్టి చూసినవా ఉస్తాద్?" అని అడిగాను.

"నూనె పోసి, తాళంచెవి తిప్పి నేనే చాలు చేసిన. చాయ్ మాత్రం వెట్టలె. ఎవనికి తాపాలె?"

ఆ రోజు తనకు బీదర్‌లో కూతురి సంబంధం మాటలున్నాయి, రాలేనన్నాడు. అంజి కట్టిన పదకొండు ఇంజన్లలో నేను ఒక్కదాని చప్పుడూ వినలేదు. షెడ్డుకు రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, ఇనుప ముక్కలు చూడ్డానికి అంత దూరమా అన్నాను. ఇది ఎట్లాగైనా వినాలనుకున్నాను.

ఐతారం పొద్దున మా ఆయన కూడా తయారయ్యాడు. చెప్పులేసుకొని గడప దాకా వచ్చి, మళ్లీ విప్పేసి, "మీరు పోయి రాండ్రి" అన్నాడు. నాకు తోడు మా ఆడబిడ్డ సత్తెమ్మ వచ్చింది. సద్ది మూటలో నాలుగు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం పెట్టుకున్నాం. శంకర్‌పల్లిలో ప్యాసింజర్ ఆరూ నలభైకి అని బోర్డు మీద ఉంటుంది, ఏడింటికి వస్తుంది. టికెట్ నాలుగు రూపాయలు. కూర్చోవడానికి చోటు దొరకాలంటే ఇంజన్‌కు దగ్గరి పెట్టెలు వదిలేసి వెనక్కి నడవండి, పాలక్యాన్లవాళ్లంతా ముందర ఎక్కుతారు. ఈ రైల్లోనే అంజి ఆరేళ్లు తిరిగాడు. ఏ కిటికీ దగ్గర కూర్చునేవాడో అని అన్ని కిటికీలూ చూశాను.

లింగంపల్లిలో దిగేసరికి ఎనిమిది కావచ్చింది. స్టేషన్ బయటే మెహదీపట్నం పోయే సిటీ బస్సులు ఆగుతాయి. అందులో ఎక్కి గచ్చిబౌలి చౌరస్తాలో దిగాలి, మూడు రూపాయలు. ఐతారం బస్సులు తక్కువ, మేము అరగంట నిలబడ్డాం. దారంతా ఒక పక్క యూనివర్సిటీ గోడ, ఇంకో పక్క ఏనుగులు పడుకున్నట్టు బండరాళ్లు. కొన్నిచోట్ల ఆ బండల్ని పేల్చి, నేల చదును చేసి, ముగ్గు పోసి ఉంచారు. ఇక్కడేం కడతారని కండక్టర్‌ని అడిగితే "కంప్యూటర్లు" అన్నాడు. కంప్యూటర్లు కడతారా అని సత్తెమ్మ నా చెవిలో అడిగింది. నాకూ తెలియదు.

చౌరస్తాలో ఆటో అతన్ని ఆపాము. నార్సింగి మనిషి.

"హైటెక్ సిటీ కాడ ఇంజన్ల నుమాయిష్ అట, గాడికి వస్తవా?" అన్నాను.

"ముప్పై ఇయ్యుండ్రి."

సత్తెమ్మ ఊరుకోదు. "ముప్పైకి శంకర్‌పల్లి నుంచి ఇద్దరం వచ్చిపోయి ఇంకిన్ని మిగులుతయి."

"గట్లయితే గా రైలునే రమ్మనుండ్రి, చౌరస్త దాటిస్తదేమో."

నవ్వులాటలోనే ఇరవైకి కుదిరింది. మీరూ ఇరవైకి మించి ఇవ్వకండి. పోతూ పోతూ అతను అద్దంలోంచి నన్ను చూసి అడిగాడు: "పెద్దమ్మా, గా ఇంజన్లతోని నీకేం పని? నా బండిల ఒక్కటే సిలిండరు, దానికే నా చెవులు పోయినయి."

"ఆరుంటే ఎట్లుంటది బిడ్డా?" అన్నాను.

దానికి అతను ఒక మలుపు దాటేదాకా ఆలోచించాడు. "ఒక్కటుంటే ఒంటికాలి మీద గెంతినట్టుంటది. ఆరుంటే మేనా మోసినట్టు. ఒకని అడుగు వడేలోపల్నే ఇంకొకని అడుగు వడతది. లోపల కూసున్న పెండ్లిపిల్లకు ఎరుకనే గాదు."

ఈ మధ్యే కట్టిన గుండ్రటి అద్దాల బిల్డింగు దూరంనుంచే కనిపించింది. దాని ఒంటి నిండా మబ్బులు నడుస్తున్నాయి. "గిన్ని అద్దాలు ఎవలు తుడుస్తరు వదినె?" అని సత్తెమ్మ నోరు తెరిచి చూసింది. అక్కడినుంచి కొంచెం ముందుకు పోతే ఎర్రమట్టి మైదానం. తొమ్మిదిన్నరకు చేరాం. టికెట్ లేదు, ఎవరైనా పోవచ్చు. చుట్టుపక్కల కాలనీలవాళ్లు, పాత బండ్లంటే ప్రాణమిచ్చేవాళ్లు కలిసి పెట్టుకున్న పండగ అది. పెండ్లికి వచ్చినట్టు కుటుంబాలు కుటుంబాలుగా వచ్చారు. ఒక పక్క షామియానా, కుర్చీలు, మంచినీళ్ల డ్రమ్ములు. నలభై బండ్ల దాకా వరుసగా నిలబెట్టి, చుట్టూ తాడు కట్టారు. ఏ బండీ కదలకూడదు, పరుగు పందేలు లేవు, చక్రాల కింద చెక్క ముక్కలు పెడతారు. ఒకదాని తర్వాత ఒకటి నిలబడ్డచోటే ఇంజన్ నడిపించి చూపించాలి. అంతే షరతు. అందుకే చంటిపిల్లల తల్లులు కూడా భయపడకుండా తిరుగుతున్నారు.

లోపలికి పోయేచోట ఒకామె పళ్లెంలో పత్తి ఉండలు పెట్టుకొని పంచుతోంది, పసుపు కుంకుమ పంచినట్టు. "చెవుల్లో పెట్టుకోండి అమ్మా, చప్పుడు బాగా ఉంటుంది" అంది. నేను వచ్చిందే చప్పుడు కోసం. ఆమెను చిన్నబుచ్చలేక తీసుకొని కొంగుకు ముడి వేసుకున్నాను.

ఇంకా పది కాలేదు. అన్నీ చూద్దామని బయలుదేరాం. చూస్తూ ఉంటే నాకే వింతగా అనిపించింది, ఇనుము మీద ఇంత ఆశ నాలో ఎక్కడినుంచి వచ్చిందో. ఎర్రటి పొడుగాటి విదేశీ కారు ఒకటి ఉంది, మా ఇంటి వసారా అంత పొడుగు. దాని యజమాని నెత్తి నెరిసిన డాక్టరు. ముందు మూత తెరిచి, ఇందులో ఎనిమిది సిలిండర్లున్నాయని పిల్లలకు చెప్తున్నాడు. ఎనిమిది ఎక్కడున్నాయని నేను అడిగాను. విసుక్కుంటాడేమో అనుకున్నాను గానీ, దండం పెట్టినట్టు చేతులు జోడించి, వేళ్లు విడదీసి చూపించాడు. "ఇటు నాలుగు, అటు నాలుగు. కింద మణికట్టు కాడ కలుస్తయ్. మీకు ఇంజన్లంటే ఇష్టమా అమ్మా?"

"నా కొడుక్కు ఇష్టం" అన్నాను.

తాడు బయట, రోడ్డు పక్కన బోరు వేసే లారీ ఆగి ఉంది. దాన్ని లోపలికి రానివ్వలేదట. దాని మనిషి మెట్టు మీద కూర్చొని "మీ నలభై బండ్లు గలిపినా నా కంప్రెసర్‌కు సాలవు" అని వచ్చేపోయేవాళ్లను కవ్విస్తున్నాడు. పిల్లలు సగంమంది వాడి దగ్గరే ఉన్నారు. షామియానా పక్కన నార్సింగి నుంచి వచ్చిన బాలమణి అనే ఆమె చాయ్, మిరపకాయ బజ్జీలు అమ్ముతోంది. బజ్జీలు రూపాయికొకటి, వేడివేడిగా వేసి ఇస్తుంది. "కార్లు జూసెటోళ్లకు ఆకలి మస్తయితదక్కా. నిన్న సర్కారు ఆఫీసు కాడ వెట్టిన, గిన్ని అమ్ముడు వోలె" అని నవ్వింది.

జోంగా ఆఖరి వరుసలో ఉంది. పచ్చరంగు, ఎత్తుగా, మొండిగా ఉంది. ముందు మూత తెరిచి ఉంది. ఇంజన్‌కు కొత్తగా వెండి రంగు వేశారు. డ్రైవర్ యాదగిరి దాని మీదికి వంగి, నల్ల తీగల గుత్తి చేతిలో పట్టుకొని ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నాడు. పక్కన కొబ్బరినూనె సీసా.

"ఏం చేస్తున్నవు బిడ్డా?" అన్నాను.

"బండి మెరువాలె అన్నడమ్మా సారు. తీగలకు జర నూనె వెడితే నిగనిగలాడుతయి. నెత్తికి వెట్టేదే, సీసా నాదే" అన్నాడు. సత్తెమ్మ నవ్వింది. అతను ఒక్కో తీగ చివర తీసుకొని టకటకా ఇంజన్‌కు నొక్కేశాడు.

నేను ఇంజన్‌ను చూశాను. ఆరు ప్లగ్గులు వరుసగా, బడిపిల్లలు నిలబడ్డట్టు. ఈ మరలన్నీ వాడి వేళ్లు బిగించినవే. రంగు కింద వాడి వేలి గుర్తులు ఎక్కడైనా మిగిలాయేమో అని వంగి చూశాను. యజమాని ప్రసాద్ గారు వచ్చి, "ఎవరి తాలూకండి మీరు?" అని మర్యాదగా అడిగాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ సర్కారు కొలువులో స్థిరపడినాయన. అంజి తల్లినని చెబితే నన్ను జాలిగా చూస్తారు, ఇంజన్‌ని చూడరు. "ఊరికెనే సూసెతందుకు వచ్చినం సార్. ఎప్పుడు నడిపిస్తరు?" అన్నాను. "మా వంతు పదకొండున్నరకండి. తప్పకుండా వినండి, ఆరు నెలలుగా గడియారంలా నడుస్తోంది" అన్నాడు. ఆ మాట మూట కట్టుకొని పోయి కుర్చీలో కూర్చున్నాను.

పదింటికి మొదలైంది. డాక్టరు గారి ఎర్ర కారు నడిచినప్పుడు నా కాళ్ల కింద నేల సన్నగా అదిరింది. ఒక పాత ఫైరింజన్ గంట కొట్టుకుంటూ గర్జిస్తే పిల్లలు చెవులు మూసుకొని గెంతారు. ఒక్కోదానిది ఒక్కో గొంతు. ఒకటి గుర్రు పెట్టింది, ఒకటి గొణిగింది, ఒకటి పెద్దమనిషిలా ఒక్క మాట చెప్పి ఊరుకుంది. కళ్లు మూసుకుంటే ఎవరెవరో మాట్లాడుతున్నట్టే ఉంది. అంజి రోజూ ఇది వినేవాడు కదా అనుకున్నాను.

పదకొండున్నర దాటాక మైకులో జోంగా పేరు పిలిచారు. నేను తాడు దగ్గరికి పోయి నిలబడ్డాను. యాదగిరి ఎక్కి తాళంచెవి తిప్పాడు. ఇంజన్ దగ్గింది, వణికింది, ఫట్‌మని పేలింది. మళ్లీ ఫట్. వెనక గొట్టంలోంచి నల్ల పొగ. బండి మొత్తం జ్వరమొచ్చినట్టు ఊగిపోతోంది. ఒక చంటిపిల్ల కెవ్వున ఏడ్చింది, మిగతావాళ్లు నవ్వారు. మైకు పట్టుకున్నతను "జోంగాకు సర్ది అయినట్టుంది, ఎవరన్నా కషాయం తాపండయ్యా" అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వారు. బోరు లారీ మెట్టు మీదివాడు ఈలేశాడు.

ప్రసాద్ గారి ముఖం చిన్నబోయింది. ఆపమని చెయ్యి ఊపి, పక్కనున్నవాళ్లతో "అలిసిపోయిందండి. ఎలాగూ ఈ వారమే తీసేస్తున్నాం, డీజిల్ ఇంజన్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. కట్టినవాళ్లు సరిగా కట్టలేదేమో" అన్నాడు.

ఆ ఆఖరి మాట విన్నాక నా కాళ్లు ఆగలేదు. తాడు కిందినుంచి దూరి పోయాను. "వదినె, ఏడికి?" అని సత్తెమ్మ వెనకనుంచి అరుస్తూనే ఉంది.

"సార్, గీ ఇంజన్ కట్టింది నా కొడుకు. వాడు కట్టిన ఇంజన్ గిట్ల మొత్తుకోదు."

ప్రసాద్ గారు నన్ను చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. "అంజి... మీరు అంజి వాళ్లమ్మగారా అండి? ముందే చెప్పొచ్చు కదమ్మా."

నేను యాదగిరిని అడిగాను. "బిడ్డా, తీగలు తీసి తుడిసినవు గద. మల్ల ఎట్ల వెట్టినవు?"

"ఎట్లున్నయో గట్లనే వెట్టినమ్మా." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించాడు. "వెట్టిననే అనుకుంటున్న."

"వరస తప్పితే తిడతది అని మావోడు చెప్పిండు. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు."

"ఏందే వదినె, ఎవలి ఫోన్ నంబరు?" అంది సత్తెమ్మ, అప్పటికే నా వెనక చేరి.

ఎర్ర కారు డాక్టరు మాత్రం గబగబా వచ్చాడు. "అమ్మా, మళ్లీ చెప్పండి. మెల్లగ." ఇంజన్ పక్కన గుండ్రటి నల్ల మూత ఒకటుంది. ఆరు తీగలూ దాని నెత్తి నుంచే పుట్టి ఆరు ప్లగ్గులకు పోతాయి. ఆయన ఆ మూత మీద వేలు పెట్టాడు. నేను చెప్తూ ఉంటే తీగ వెంబడి వేలు జరుపుకుంటూ ప్లగ్గు దాకా పోయాడు. నా కళ్ల ముందర మా పొయ్యి గోడే ఉంది. ఒకటి అన్నాను, సరిగ్గా ఉంది. ఐదు, ఉంది. మూడు అన్నప్పుడు ఆయన వేలు ఆరో ప్లగ్గు దగ్గర ఆగింది. ఆరు అంటే మూడో దాని దగ్గర. "యా అల్లా, రెండూ మారినయ్" అని నవ్వాడు. యాదగిరి రెండు చెంపలూ వాయించుకున్నాడు. కొబ్బరినూనెతో జారిపోతున్న ఆ రెండు తీగలను డాక్టరు గారు గుడ్డతో పట్టి పీకి, అటుది ఇటు, ఇటుది అటు పెట్టాడు.

యాదగిరి మళ్లీ తాళంచెవి తిప్పాడు. ఒక్క దగ్గు. తర్వాత పట్టుకుంది.

ఎట్లా చెప్పాలి? పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతున్నట్టు, లోతుగా, ఒకే తీరుగా. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. ఆటో అతను చెప్పిన మేనా ఇదే అనుకున్నాను. నవ్వినవాళ్లంతా దగ్గరికి జరిగారు. బోరు లారీ మనిషి మెట్టు దిగి వచ్చి తాడు దగ్గర నిలబడ్డాడు. నేను ఇంజన్ పక్కన అట్లనే ఉన్నాను, వేడి నా ముఖానికి కొడుతోంది.

"బాలమణీ, ఒక చాయ్ తే. అంచు దాక నింపు" అని కేకేశాను.

"తాగుతారా అమ్మా?" అన్నాడు ప్రసాద్ గారు.

"పరీక్షకు సార్" అని ఉస్తాద్ షెడ్డు పద్ధతి చెప్పాను. ఈ ఇంజన్‌కు ఆ పరీక్ష జరగలేదని కూడా చెప్పాను. బాలమణి అడుగులో అడుగు వేసుకుంటూ నిండు గిలాస తెచ్చింది. డాక్టరు గారు దాన్ని ఇంజన్ మీది వెండి రంగు మూతపై పెట్టి, చెయ్యి మెల్లగా వదిలాడు. చాయ్ మీద సన్నటి వణుకు, గాలికి కుంటలో నీళ్లు వణికినట్టు. అంతే. ఆయన గడియారం చూసుకుంటున్నాడు. మైకతను కూడా మైకు వదిలేసి వచ్చాడు. "రేస్ చెయ్యి యాదగిరీ" అన్నాడు ప్రసాద్ గారు. ఇంజన్ గొంతు పెంచింది. చాయ్ అంచు దాకా లేచి, చూసి, మళ్లీ దిగింది. ఒక్క చుక్క ఒలకలేదు.

ఇంజన్ ఆపారు. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇప్పుడిది ఎవరు తాగాలండి?" అని అడిగాడు ప్రసాద్ గారు.

"కట్టినోడు" అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. సత్తెమ్మ ముందుకొచ్చి, కొంగుతో గిలాస పట్టుకొని నా చేతిలో పెట్టింది. "తాగు వదినె. సల్లారితే బాగుండది." తాగాను. చాయ్‌లో పెట్రోలు వాసన ఉంది. అంజి అంగీ వాసన అది. గిలాస అడుగు కనిపించేదాకా తాగాను.

మైకతను వచ్చి నా కొడుకు పేరు అడిగాడు. కషాయం మాట అన్నందుకు తప్పు కాయమన్నాడు. తర్వాత మైకులో చెప్పాడు: "ఈ జోంగా ఇంజన్ కట్టిన మెకానిక్ పేరు అంజి. ఊరు శంకర్‌పల్లి." తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చెప్పాడు. ఆ గుండ్రటి బిల్డింగుకు తగిలి పేరు మళ్లీ వెనక్కి వచ్చింది.

షామియానా కింద సద్ది విప్పుకున్నాం. ప్రసాద్ గారు కూడా వచ్చి కూర్చొని ఒక రొట్టె ముక్క తీసుకున్నాడు. ఉల్లిగడ్డ కారానికి కళ్లల్లో నీళ్లొచ్చాయి, కారానికే అనుకుంటా. "అబద్ధం చెప్పనమ్మా. పెట్రోలు ఖర్చు నేను భరించలేనండి. మార్చక తప్పదు. కానీ పాత ఇనుముకు మాత్రం వెయ్యను" అన్నాడు. సరే అన్నాను. ఇంజన్ నాది కాదు కదా, బండి ఆయనది. నిజం చెప్పాడు, అది చాలు. ఆయన మాట నిలుపుకున్నాడు. ఆ ఇంజన్ ఇప్పుడు మస్తాన్ ఉస్తాద్ షెడ్డులో ఇనుప స్టాండు మీద ఉంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్లకు ముందు దాని మీదే తీగల వరుస నేర్పుతున్నాడట.

మైదానంలో రెండింటికి అన్నీ అయిపోయాయి. మేము వచ్చిన దారినే ఆటోలో గచ్చిబౌలి, బస్సులో లింగంపల్లి చేరి, సాయంత్రం నాలుగున్నర ప్యాసింజర్ అందుకున్నాం. ఇంటికొచ్చేసరికి మా ఆయన వాకిట్లో కూర్చొని ఉన్నాడు. "ఎట్లున్నది?" అన్నాడు. "సుక్క ఒలకలే" అన్నాను. ఆయన లేచి లోపలికి పోయి, పొయ్యి గోడ ముందర చాలాసేపు నిలబడ్డాడు.

ఇంటికొచ్చినప్పటి నుంచి ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. వాడు బతికుండగా వాడి పని గురించి నేను అడిగింది ఒక్కసారే. అది కూడా ఆశతో కాదు, మట్కా అనే అనుమానంతో. ఆ అనుమానమే లేకపోతే వాడు గోడ మీద రాసేవాడు కాదు, నాకు నోటికొచ్చేది కాదు, ఆ రోజు నవ్వినవాళ్లు నవ్వినట్టే పోయేవాళ్లు. తల్లి తిట్లు కూడా ఎక్కడో ఒకచోట పనికొస్తాయని సత్తెమ్మ అంటుంది. నాకు మాత్రం, తిట్టకుండా అడిగి ఉంటే ఇంకెన్ని చెప్పేవాడో అనిపిస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా నూనె చేతులతో, పిండి చేతులతో, సున్నం చేతులతో వస్తే, ఈ పూట ఏం చేశావని ఒకసారి అడగండి. అర్థం కాకపోయినా వినండి.

వచ్చే ఏడు కూడా చలి విరగ్గానే పెడతామని మైకులో చెప్పారు. పిల్లల్ని తీసుకొని తప్పకుండా పోండి, తొమ్మిదికల్లా చేరితే బండ్లవాళ్లు తీరిగ్గా అన్నీ చూపిస్తారు. లోపలికి పోయేచోట పత్తి ఇస్తారు. పిల్లలకు రెండు చెవుల్లోనూ పెట్టండి. మీరు మాత్రం ఒక చెవి ఖాళీగా ఉంచుకోండి.